కోళ్లు ఖాళీ చేసిన జీపు

మా పిన్ని ఇరవై ఆరేళ్లుగా బస్సుల షెడ్డులో సీట్లు కుడుతోంది. ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు కుర్చీ తిరగేసి కుట్టు చూస్తుంది. అంతకు మించిన పిచ్చి ఆమెకు లేదనే అనుకున్నాం, యాభై రెండో ఏట ఆ జీపు కంటబడేదాకా.

ఊరి చివర కోళ్లు పెంచే ఒకాయన పరదా కుట్టిమ్మంటే కొలతలకు వెళ్లింది. తడిక పక్కకు జరిపితే లోపల స్టీరింగు మీద పుంజు, డ్రైవరు సీట్లో పొదుగుతున్న పెట్ట. పిన్ని తాళంచెవితో బానెట్ మీది రంగు గీకింది. నీలం కింద పసుపు, పసుపు కింద ఎరుపు, అన్నిటికీ అడుగున ముదురాకుపచ్చ, దాని మీద తెల్లటి అంకెలు.

"ఇది మిలిటరీ జీపండీ!" అంది.

"కాదమ్మా, కోళ్ల గూడు" అన్నాడాయన.

"నాకిచ్చేయండి."

"నీకిచ్చేసి నా కోళ్లని నెత్తిన పెట్టుకోనా?"

అన్న మాట అన్నట్టే పట్టుకుంది పిన్ని. షెడ్డులో పారేసిన బస్సు చెక్కలు అడిగి తెచ్చి, పది రోజుల్లో కొత్త గూడు కట్టించింది. మిగిలిపోయిన రెగ్జిను ముక్కలతో గుడ్లు పెట్టే అరలకు మెత్తలు కూడా కుట్టింది. కోళ్లు దర్జాగా మారాయి. పొదిగే పెట్ట ఒక్కటే సీటు దిగనని మొండికేసింది. దాన్ని లేపడానికి వీల్లేదన్నాడు యజమాని. పిల్లలయ్యేదాకా పిన్ని రోజూ పని దిగి వెళ్లి, పెట్ట పొడుస్తుంటే ఒక చేత్తో కాచుకుంటూ, రెండో చేత్తో తుప్పు గీకింది. పదకొండు పిల్లలు దిగిన మర్నాడు జీపును లారీకి కట్టి ఇంటికి లాక్కొచ్చింది.

వాషింగ్ మెషీనుకని దాచుకున్న డబ్బంతా ఇంజనుకే చాలలేదు. బాబాయి జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "బట్టలు ఇందులో వేసి ఉతుకుతావా?" అన్నాడు. ఆయనది వీధి చివర క్షౌరశాల. అన్నాడే గానీ, మర్నాటి నుంచి ఏ సామాను ఎక్కడుందో ఆరా తీసింది ఆయనే. తల వంచి కూర్చున్న మనిషి కత్తెర చప్పుడుకి కడుపులో మాటంతా కక్కేస్తాడు. జీపు ముందరి అద్దం చట్రం సైకిళ్లు బాగుచేసే కొట్టుకు కిటికీ అయిందనీ, హెడ్‌లైటు ఒకటి ఫొటో స్టూడియోలో వెలుగుతోందనీ అలాగే తెలిసింది. డబ్బులిచ్చే స్తోమత లేదు కాబట్టి పిన్ని అన్నిటికీ కుట్టే ఇచ్చింది. సైకిలు కొట్టు బల్లకు మెత్త, స్టూడియో కుర్చీకి కొత్త తొడుగు. ఆ ఏడాది ఊళ్లో సగం మంది మా పిన్ని కుట్టు మీదే కూర్చున్నారు.

ఇంజను పని షెడ్డు మేస్త్రి చూశాడు, ప్రతి ఆదివారం, ఫ్లాస్కుడు టీకి. సరిగ్గా ఆదివారమే బాబాయి వాళ్లక్క కూడా వచ్చేది. లెక్కల టీచరుగా చేసి రిటైరయిన మనిషి. గుమ్మంలోనే మూతి ముడిచేది.

"పగిలిన బక్కెట్టు మార్చే తీరిక లేదు గానీ, తుక్కుకి పట్టాభిషేకమా?"

"మీరూ ఓ చెయ్యి వెయ్యండి వదినా, తొందరగా అయిపోతుంది" అనేది పిన్ని.

మూడో ఆదివారం ఆవిడ చూస్తూ చూస్తూ ఉండలేక, "నట్లు అలా కుప్ప పోస్తే ఏది ఎక్కడిదో ఏం తెలుస్తుంది? ఇలా తే" అంది. డబ్బాల్లో వేసి చీటీలు అంటించింది. నాలుగో ఆదివారం పాత చీర కట్టుకొచ్చింది. ఆ తర్వాత జీపు కింద నుంచి రెండు జతల కాళ్లు కనిపించేవి.

మేస్త్రి సెలవు మీద వెళ్లిన వారం, వెనుక ఇరుసు బిగించాల్సి వచ్చింది. "ఆయన్ని రానిద్దాం" అంది పిన్ని. "ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఇనప కడ్డీ బిగించలేనా?" అని వదినగారు తనే బిగించింది.

అదే ఆఖరి బిగింపు. ఇక ఆగేదెలా? వచ్చే ఆదివారం దాకా ఆగుదామన్న మాట ఎవరి నోటా రాలేదు. ఇరుగుపొరుగు పదిమందీ కలిసి జీపును వీధిలోకి నెట్టి, ముఖం పెద్దరోడ్డు వైపు తిప్పి నిలబెట్టారు. షెడ్డులో బస్సులు అటూ ఇటూ జరిపి జరిపి డ్రైవింగు నేర్చిన పిన్ని స్టీరింగు పట్టింది. పక్కన బాబాయి, వెనక వదినగారు, ఆవిడ పక్కన నేను. ఇంజను దగ్గింది, తుమ్మింది, అందుకుంది. పిన్ని ఫస్టు గేరు వేసి క్లచ్చు వదిలింది.

జీపు వెనక్కి కదిలింది.

"ముందుకి పోనీ!" అరిచాడు బాబాయి.

"ముందుకే వేశానండీ!"

బ్రేకు తొక్కి, ఈసారి సెకండు వేసింది. జీపు ఇంకా హుషారుగా వెనక్కి పరిగెత్తింది. అరుగుల మీది వాళ్లు లేచి నిలబడ్డారు. కుక్క ఒకటి మా ఎదురుగా పరిగెత్తుకొస్తూ, తను తరుముతోందో మేం పిలుస్తున్నామో తేల్చుకోలేక ఆగిపోయింది. వీధి పొడుగునా వెనక్కి వెళ్లి, సరిగ్గా బాబాయి కొట్టు ముందు ఆగాం. లోపల సగం గడ్డం గీయించుకుని బాబాయి కోసం కూర్చున్న పెద్దమనిషి నురగ ముఖంతో బయటికొచ్చి, "వచ్చారా!" అన్నాడు.

పిన్ని స్టీరింగు మీద తల పెట్టేసింది. ఏడుస్తోందేమో అని వంగి చూశాను. పొట్ట పట్టుకుని నవ్వుతోంది, ఊపిరాడక.

వదినగారు మాత్రం వేళ్లు గాల్లో తిప్పుతూ ఏదో లెక్క కట్టింది. చివరికి గొంతు సవరించుకుని, "ఇరుసు తలకిందులుగా బిగించాం" అంది.

"బిగించాం కాదక్కా, బిగించావు" అన్నాడు బాబాయి.

"సరేలేరా, బిగించాను. ఇంతకీ ఇప్పుడు రివర్సు వేస్తే ముందుకి పోవాలి. వెయ్యమ్మాయ్!"

వేసింది. జీపు రాజుగారిలా మెల్లగా ముందుకు కదిలింది. నడిచేవాళ్లు మమ్మల్ని దాటుకుని పోతున్నారు. నురగ ముఖం పెద్దమనిషి తువ్వాలుతోనే పక్కన నడుస్తూ, "నా రెండో బుగ్గ సంగతేంటయ్యా?" అని బాబాయిని అడుగుతున్నాడు. మా గుమ్మం వచ్చింది. పిన్ని ఆపబోతే వదినగారు ఆమె భుజం మీద గ్రీజు చేత్తో తట్టి, "ఆపకు, పెద్దరోడ్డు దాకా పోనీ!" అంది.

తర్వాతి ఆదివారం సంగతంతా విని మేస్త్రి నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాడు. ఇరుసు తిప్పి బిగించాడు. ఇప్పుడు జీపు అందరిలాగే నాలుగు గేర్లలో ముందుకు పోతుంది. హారను మాత్రం ఇంకా దొరకలేదు. మలుపు వచ్చినప్పుడల్లా వదినగారు వెనక సీట్లో లేచి నిలబడి, ముప్పై ఏళ్లు తరగతి గదిలో వాడిన గొంతుతో "జరగండి!" అంటుంది. లారీలు కూడా జరుగుతాయి.