వేలానికి పనికిరాని గడియారం

మొన్న పాలిష్ మిషన్ ఆపి చేతులకంటిన రాతిబురద కడుక్కుంటుంటే, మణికట్టు మీది గడియారం నల్లాకు తగిలి దాని అంచు చక్రం కటకటమని తిరిగింది. ఆ చప్పుడు వింటే నా చేతులు ఇప్పటికీ ఆగిపోతాయి. అది ఖాదర్ చాచా గడియారం. ఆయనను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

చాచాది తాండూరులో మా పక్కిల్లు. వయసులో ఉన్నప్పుడు గల్ఫ్ రేవులో ఓడల అడుగున పట్టిన నాచు గీకే పని చేసి వచ్చాడు. మా ఊరి చుట్టూ నాపరాయి తీసి వదిలేసిన గనుల్లో నీళ్లు నిండి ఉంటాయి. ఎవరైనా అందులో పడితే చాచాకే కబురు. పంక్చర్ షాపు కంప్రెసర్‌కు పొడవాటి పైపు తగిలించి, దాని కొసను నోట కరుచుకొని దిగేవాడు. గట్టు మీద తాడు పట్టుకునేది నేను. రేవులో ఆయన పై అధికారి వెళ్లిపోతూ తన చేతిది విప్పి ఇచ్చిన గడియారమది. దిగే ముందు చాచా అంచు చక్రాన్ని తిప్పి, దాని మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెట్టేవాడు; అక్కడి నుంచి ముల్లు చక్రం మీది హద్దు గీతను చేరేలోగా పైకి రావాలని లెక్క. ఆ చక్రం ఒక్క వైపే తిరుగుతుంది. ఎందుకని అడిగితే, “రాయికి తాకి జరిగిందనుకో, టైం ముందుగాల్నే అయిపోయినట్టు చూపెడ్తది. ఇంక ఉన్నదని మాత్రం చూపెట్టది బేటా. గందుకే బతికున్న,” అని నవ్వాడు.

కొన్నేళ్లకు ఆయన ఎడమ చెవిలోంచి రక్తం రావడం మొదలైంది. మళ్లీ దిగితే ఆ చెవి దక్కదన్నాడు డాక్టరు. అలాంటి పాత గడియారాలను వేలంలో కొంటారని తెలిసి ఫొటోలు పంపితే, హైదరాబాదులోని వేలం సంస్థ నుంచి ఒకామె వికారాబాదుకు వచ్చి చూస్తానంది. అది అమ్ముడుపోతే బస్టాండు దగ్గర చాయ్ హోటల్ పెట్టుకొని ఇక నీళ్ల జోలికి పోనన్నాడు చాచా. పట్టీలో మట్టి పోయేలా కడిగి తెమ్మని గడియారం నా చేతికిచ్చాడు. రాయికి మెరుపు తెచ్చి అమ్ముకునే ఊరు మాది. గీతలు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. చాచా సంతోషిస్తాడనుకొని మిషన్‌కు మెరుపు తెచ్చే బఫ్ చక్రం తగిలించి గడియారాన్ని అద్దంలా చేశాను. తెల్లారి రైలెక్కాక ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

వికారాబాదు స్టేషన్ ఎదుటి హోటల్లో ఆమె భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. అంచులు అరిగిపోయాయని, వెనక చెక్కిన నంబరు సగం చెరిగిందని చెప్పింది. దెబ్బలున్నా తీసుకునేవాళ్లమని, ఇలా చేశాక వేలానికి పెట్టలేమని చెప్పి, పాలిష్ ఎవరు చేశారని అడిగింది. నేను చాయ్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

“నేనే చేసినమ్మా,” అన్నాడు చాచా.

తిరుగు రైలెక్కాం. తాండూరు దగ్గరపడుతుంటే చాచా కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: “గా మెరుపు ఏ మిషన్‌దో నాకు తెల్వదారా? నువ్వు జెప్తవేమోనని జూసిన.” తర్వాత గడియారం తీసి నా చేతికి కట్టాడు. “మెరిపించినోనివి నువ్వే పెట్టుకో. ఇగ గట్టు మీద టైం నువ్వే జూడు. టైమైతే నేనొద్దన్నా గుంజు. కింద ఉన్నోనికి అకల్ తెలివి పని చెయ్యది.”

చాయ్ హోటల్ పెట్టే మాట చాచా మళ్లీ ఎత్తలేదు. ఆ వానాకాలం కోట్‌పల్లి చెరువులో ఒక యువకుడు మునిగిపోయాడని కబురొస్తే చాచా చెవిలో దూది పెట్టుకొని బయలుదేరాడు. నా చేతి మీద తానే చక్రం తిప్పి దిగాడు. ముల్లు హద్దు దగ్గరికి వస్తుంటే మునిగినవాడి అన్న నా భుజం పట్టుకొని, ఇంకా జరసేపు ఉండనీయమని బతిమాలాడు. అప్పుడే కింద నుంచి తాడు రెండుసార్లు అదిరింది. వదులు చేయమని దానర్థం. నేను తాడును అరచేతికి చుట్టుకున్నాను. ముల్లు హద్దు దాటింది. బలమంతా పెట్టి గుంజాను.

చాచా ఖాళీ చేతులతో తేలాడు. చెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది. మునిగినవాడి అంగీ చేతికి తగిలిందని, జారిపోయిందని రొప్పుతూ చెప్పాడు. ఆ అన్న అందరి మీదికి తిరిగాడు: “ఎవడు గుంజమన్నడు?”

చాచా నోరు తెరవబోయాడు. నేను ముందుకు వచ్చాను.

“నేనే గుంజిన.”

అతను నన్ను కొట్టాడు. నేను కదలలేదు. చాచా కాసేపు గట్టు మీద పడుకొని లేచి, నా చేతి మీది చక్రాన్ని మళ్లీ ముల్లుకు సరిచేశాడు. రెండోసారి దిగి ఆ యువకుడి శవాన్ని ఇంటివాళ్లకు అప్పగించాడు. ఆ రోజుతో ఆయన ఎడమ చెవికి వినికిడి పోయింది. గడియారం అమ్ముడుపోయి ఉంటే ఆయన ఆ నీళ్లలోకి దిగేవాడే కాదు. ఈ మాట ఆయన నాతో ఎన్నడూ అనలేదు. అనకపోతేనేం, నాకు తెలుసు.

ఆ తర్వాత ఆయన నీళ్లలోకి దిగలేదు. సాయంత్రాలు చాయ్‌కి పోతూ నేను ఆయన కుడిపక్కన నడిచేవాణ్ణి, నా మాట వినబడాలని. చాచా పోయాక కూడా, ఎవరితో నడుస్తున్నా, నాకు తెలియకుండానే కుడిపక్కకు జరుగుతాను.