శాలువా లేని ఫోటో

నటుడికి ఫోటోలు కావాలంటే నా దగ్గర లేకపోవడమేమిటి, గోడ నిండా ఉన్నాయి. పరిషత్తు నాటక పోటీలంటూ ముప్ఫై ఏళ్ళు ఊళ్ళు తిరిగినవాణ్ణి. ఉత్తమ నటుడు, ఉత్తమ ప్రతినాయకుడు, ఒకసారి పొరపాటున ఉత్తమ హాస్యనటుడు కూడా. ఆ ఫోటోల్లోంచి ఓ ఇరవై ఏరి, హైదరాబాదులో సినిమాలకు నటుల్ని ఎంపిక చేసే ఒకమ్మాయికి వాట్సాపులో పంపాను.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదగానే మాట్లాడింది. "అన్నిట్లోనూ శాలువాలే కనిపిస్తున్నాయండి. మనిషి ఎక్కడున్నారు?" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేసి చూసుకుంటే నిజమే. ఇరవై ఫోటోల్లో ఇరవై శాలువాలు, పక్కన ఎవరో ఒక పెద్దమనిషి, మెడలో దండ, చేతిలో జ్ఞాపిక. నా ముఖం ఆ సందడిలో ఎక్కడో ఇరుక్కుని ఉంది. మా వైపు నటుడి గొప్ప తెలిసేది అలాగే మరి. ఎవరో మైకులో పొగడాలి, మనం తలొంచుకుని నిలబడాలి. మన గొప్ప మనమే చెప్పుకుంటే సొంత డబ్బా అంటారు.

కానీ బింకానికి పోయేంత వ్యవధి నాకు లేదు. మండపేటలో నేను గుమస్తాగా చేసిన రైసుమిల్లు మూతపడ్డాక మా ఆవిడతో ఒప్పందం చేసుకున్నాను. ఒక్క ఏడాది. ఆలోగా కెమెరా ముందు పని దొరికితే సరే, లేదంటే జంగారెడ్డిగూడెంలో మా బావమరిది ఎరువుల కొట్లో కూర్చోవాలి. కొట్టు మంచిదే, బావమరిదీ మంచివాడే. కానీ అక్కడ కూర్చున్న రోజున ఇక నేను నటుణ్ణి కానని నాకు తెలుసు. ఏడాదిలో పదకొండు నెలలు అప్పటికే అయిపోయాయి.

ఆ పదకొండు నెలల్లో చెయ్యని పని లేదు. రాజమండ్రిలో షూటింగు వాళ్ళు దిగిన లాడ్జి ముందు ఫోటోల కవరు పట్టుకుని నిలబడ్డాను. తణుకులో స్టూడియో అతను నా ఫోటో తీసి, ముడతలన్నీ చెరిపేసి, పెళ్ళిసంబంధానికి పంపే కుర్రాడిలా తయారుచేసి ఇచ్చాడు. తండ్రి వేషాలకు వెళ్ళే మనిషికి ముడతలే కదా పెట్టుబడి. అది తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఈసారి ఆ అమ్మాయికే ఫోన్ చేసి ఏం పంపాలో అడిగి, చెప్పినట్టే చేశాను. మేకప్ లేకుండా, మామూలు చొక్కాతో, కిటికీ పక్క వెలుతురులో నిలబడి ఎదురుగా ఒక ఫోటో, పక్కనుంచి ఒకటి. ఇక మిగిలింది ఒక నిమిషం వీడియో. పేరు, వయసు, ఎత్తు చెప్పి, ఏం చేయగలమో చెప్పుకోవాలి. అరవకుండా చెప్పమని ముందే హెచ్చరించింది. పరిషత్తు వాళ్ళతో ఆ అమ్మాయికి ఇదివరకే అనుభవం ఉన్నట్టుంది.

మా ఆవిడ ఫోన్ పట్టుకుంది. పేరు, వయసు, ఎత్తు గడగడా చెప్పేశాను, ప్రతి ముక్క చివరా ఒక అండి తగిలించి. ఏం చేయగలనన్న దగ్గర ఆగిపోయాను. బాగా నటిస్తానని నా నోటితో నేను ఎలా అనను? నువ్వే ఏదో ఒకటి చెప్పమని ఆవిణ్ణి బతిమాలాను. మైకు మనిషిలా నాలుగు మంచి మాటలు అంటుందనుకున్నాను.

"ఏడవడం వచ్చని చెప్పండి," అంది ఆవిడ, ఫోన్ దించకుండానే. "అత్తయ్యగారు పోయిన నాలుగో రోజునే పోటీకెళ్ళి, స్టేజి మీద ఏడ్చి ప్రైజు పట్టుకొచ్చారు కదా. ఇంట్లో మాత్రం ఒక్క చుక్క రాల్చలేదు."

మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను వెళ్ళకపోతే తోటి నటుల కష్టమంతా వృథా అవుతుందని అప్పట్లో అందరికీ చెప్పాను. అది సగం నిజం. బహుమతి నాకే వస్తుందన్న ఆశ మిగతా సగం. సిగ్గేసింది. కెమెరా వైపు చూస్తూ అలాగే ఉండిపోయాను. నిమిషం అయిపోయింది.

చెరిపెయ్యమన్నాను. ఇన్నాళ్ళకి మీరు మీలా కనబడ్డారు అని మా ఆవిడ, తన మాటలతో సహా ఆ వీడియోనే పంపేసింది.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి ఫోన్ చేసింది. రెండు రోజుల పని, రాజమండ్రిలోనే. ఆసుపత్రి వరండాలో కూతురి కోసం కూర్చున్న తండ్రి. ఒక్క డైలాగూ లేదు. మరి నేనేం చెయ్యాలమ్మా అని అడిగితే, వీడియోలో మాట్లాడ్డం ఆపేశాక ఏం చేశారో అదే చెయ్యమంది. అప్పుడు నేనేమీ చెయ్యలేదని చెప్పలేకపోయాను.

మొదటి రోజు బల్ల మీద కూర్చున్నాను. నిజంగానే ఏమీ చెయ్యలేదు. మా అమ్మని ఆఖరిసారి ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు, లోపలికి పిలిచేదాకా నా భుజం మీద తల ఆనించి అమ్మ ఎంతసేపు కూర్చుందో అదొక్కటే తలుచుకున్నాను. కట్ అన్నారు. అందరూ లేచారు. నేను లేవలేకపోయాను. అప్పుడు మొదలైన ఏడుపు ఎంతసేపటికీ ఆగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. డైరెక్టరు వచ్చి భుజం తట్టి, "రేపు కూడా ఇలాగే ఉంచండి గురువుగారూ" అన్నాడు. ఇది వేషం కాదు బాబూ, మా అమ్మ అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. అలాగేనండి అన్నాను. పని కావాలి కదా.

ఇంటికొచ్చి మా ఆవిడకి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను, అలాగేనండి అన్న ముక్కతో సహా. ఆవిడ తిట్టలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి తమ్ముడికి కలిపి, "మీ బావగారు కొట్టుకి రారురా. ఆయనకి పని దొరికింది," అంది.