తీగ పీకి చూసిన మాస్టారు

ఈ ఉదయం నరసరావుపేట దారిలోని ఒక కోల్డ్ స్టోరేజీలో యంత్రాల గది తలుపు తీయగానే కొద్దిపాటి అమ్మోనియా వాసన ముక్కును కోసింది. దాని వెనుకనే ఎండుమిర్చి ఘాటు తగిలింది. ఈ రెండూ కలిసినచోట కళ్లలో తిరిగే నీటికి కారణం ఏ వాసనో చెప్పడం కష్టం. గోడకు బిగించిన చిన్న హెచ్చరిక పరికరం ముందు నిలబడి దాని తీగను చేతితో పీకాను. గంట మోగవలసి ఉంది. మోగలేదు. పచ్చ దీపం ఎప్పటిలాగే వెలుగుతూ అంతా క్షేమమని చెబుతూనే ఉంది. పక్కనున్న ఆపరేటరు శ్రీను నవ్వి, "చూశారా మేడంగారూ, మా మిషనెంత నెమ్మదో! ఈ సీజన్లో ఒక్కసారి కూడా అరవలా" అన్నాడు. నేను నవ్వలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, ఫోను ద్వారా ఇంటర్నెట్ కలుపుకుని, దేవసహాయం మాస్టారు ఆన్‌లైన్‌లో పెట్టిపోయిన సోర్స్ కోడ్‌ను దించుకోవడం మొదలుపెట్టాను. ఆ మందపు గోడల మధ్య సిగ్నలు అంతంతమాత్రం. ఎంత దిగిందో చూపే తెరమీది గీత చీమలా కదులుతోంది. ఆయనను ఎరుగనివారి కోసం ఆయన గురించి రాయాలని ఆ గీతను చూస్తున్నప్పుడే నిశ్చయించుకున్నాను.

గుంటూరు శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఆయన ఎలక్ట్రానిక్స్ విభాగానికి అధిపతి. నేను గణితం చెప్పేదాన్ని. క్రమశిక్షణ విషయంలో నాకు నేనే సాటి అనుకునే రోజుల్లో ఆయనను చూసి నా అభిప్రాయం మార్చుకున్నాను. ఇస్త్రీ చొక్కా, జేబులో ఒకే కలం, బల్లమీద ఒక్క కాగితం కూడా వంకరగా ఉండని మనిషి. విద్యార్థి తెచ్చిన ప్రాజెక్టులో ప్రతి వాక్యమూ వాడి నోటితో వివరింపజేసిన తరువాతే సంతకం పెట్టేవారు. ఒకసారి మిర్చి వ్యాపారి కొడుకొకడు ఇంటర్నెట్‌లో దొరికిన ప్రోగ్రామును యథాతథంగా తెచ్చి ఆయన ముందు పెట్టాడు. నేనప్పుడు ఆ గదిలోనే ఉన్నాను.

"ఏరా, ఇదెక్కడిది?"

"నెట్‌లోనించి దించానండీ."

"దించితే తప్పులేదు. మీ నాన్న యార్డులో కాయ ఎట్టా కొంటాడు?"

"టిక్కీ మూతి విప్పి అందులోకి చెయ్యి దూర్చి అడుగు కాయ తీసి చూస్తాడండీ."

"మరి నీకా చెయ్యి లేదా? పైకాయ చూసి మోసుకొచ్చావు. పో, అడుగుదాకా చూసి రా."

ఆ కుర్రవాడు కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లాడు. మరీ కఠినంగా మాట్లాడారేమో అన్నాను. "ఎవరో రాసింది నువ్వు వాడావంటే అందులోని తప్పు కూడా నీదేనమ్మా. ఆ మాట వీడికి ఇప్పుడు చెప్పకపోతే ఇంకెవరో చచ్చాక చెప్పాల్సొస్తుంది" అన్నారు. ఆ చివరి మాట అప్పట్లో నాకు అతిశయోక్తిగా తోచింది.

ఉద్యోగ విరమణ తరువాత ఆయన ఖాళీగా కూర్చోలేదు. మా ప్రాంతంలో మిర్చి కోతలయ్యాక టిక్కీలన్నీ, అంటే కాయ కుక్కిన గోతాలన్నీ, కోల్డ్ స్టోరేజీలకు చేరతాయి. వాటిని చల్లబరిచేది అమ్మోనియా. గొట్టం ఎక్కడైనా కారితే ఊపిరితిత్తులను కాల్చివేసే వాయువది. చాలాచోట్ల దానికి కాపలా మనిషి ముక్కు ఒక్కటే. మాస్టారు ఒక చిన్న హెచ్చరిక పరికరానికి ప్రోగ్రాము రాసి, ఆ సోర్స్ కోడ్ మొత్తాన్ని ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టారు. ప్రపంచంలో ఎవరైనా దానిని ఉచితంగా దించుకోవచ్చు, చదవచ్చు, తప్పుంటే చెప్పవచ్చు. రచయిత దిద్దిన ప్రతిసారీ కొత్త ప్రతి పైన చేరుతుంది, పాతవి కింద అలాగే ఉంటాయి. "నా తప్పు నాకు కనపడదు సుశీలా. నలుగురి ముందు పెడితే ఎవరికో ఒకరికి కనపడుద్ది" అనేవారు. దానితోపాటు ఉండవలసిన తెలుగు సూచనలు రాసే పని నాకు అప్పగించారు. నేను ఎంతో శ్రద్ధగా రాసి ఇచ్చాను. చదివి తిరిగి నా చేతిలో పెట్టారు. "వ్యాకరణానికి బాగుందమ్మా. కంప్రెసరు పక్కన చెమటలు కక్కుతూ నిలబడ్డవాడికి బాగాలేదు. మళ్లీ రాయి." మళ్లీ రాశాను. నా జీవితంలో నా రాతను తిప్పి ఇచ్చినవారు ఆయనొక్కరే.

ఆ కోడ్‌ను మొదట దించుకున్నవాడు వెంకటేశ్వర్లు. కోల్డ్ స్టోరేజీలలో కరెంటు పనులు చేసే మెకానిక్కు, నోటినిండా హాస్యం ఉన్నవాడు. దానిని ఒక పెన్‌డ్రైవులో వేసుకుని తొలిసారి ఒకచోట పరికరం పెట్టాడు. ఆ ఏడు అక్కడ ఏ చిక్కూ రాలేదు, కాయ రంగు చెడలేదు. దాంతో మిగతా యజమానులు అతణ్ణి పిలిచి అదే పెన్‌డ్రైవుతో పెట్టమన్నారు. మా పల్లెల్లో విత్తనం వేసేటప్పుడు చెయ్యి మంచిదని పేరున్న మనిషి చేత తొలి గింజ వేయిస్తారు. అదే మర్యాద ఆ పెన్‌డ్రైవుకు దక్కింది. దసరాకు కంప్రెసర్లతోపాటు దానికీ కుంకుమబొట్టు పెట్టారు. భాండాగారంలోకి వెళ్లి తాజా ప్రతి దించుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వెంకటేశ్వర్లు ఈ సంగతి చెప్పినప్పుడు మాస్టారు పకపకా నవ్వారు. ఆయన అలా నవ్వగా నేను చూడటం అదే ఆఖరు.

కొన్నాళ్ల తరువాత ఒక ఉదయం నన్ను ఇంటికి రమ్మని కబురు చేశారు. వెళ్లేసరికి తన గదిలో పరీక్ష కోసం పెట్టుకున్న పరికరం ముందు కూర్చుని ఉన్నారు. ఎలుక తీగను కొరికివేసింది. పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

"చూడమ్మా. వాయువు లేకపోతే తీగ వెంట సున్నా వస్తుంది. తీగ తెగినా సున్నాయే వస్తుంది. నేను రెంటినీ ఒకటే అనుకున్నా. పలకనివాడు బాగున్నాడని రాసేశా."

ఆయన మధ్యాహ్నానికల్లా ఆ లోపాన్ని దిద్ది, తీగ తెగినా గంట మోగేటట్టు చేసి, కొత్త ప్రతిని భాండాగారంలో పెట్టారు. పాతది వాడవద్దని నా చేత పెద్ద అక్షరాలతో రాయించారు. కానీ సరైనది భాండాగారంలో ఉంది. తప్పుది గోడల మీద ఉంది. బొట్టు పెట్టిన పెన్‌డ్రైవు ఆ తప్పును ఇటు పిడుగురాళ్ల దాకా, అటు చీరాల దాకా మోసుకుపోయింది.

మరునాటి నుంచే ఆయన ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని బస్సులెక్కారు. వీలున్నప్పుడల్లా నేనూ వెంట వెళ్లాను. ప్రతిచోటా ముందు తీగ పీకేవారు. మోగకపోతే అక్కడే కూర్చుని కొత్తది దించి పెట్టేవారు. కొందరు కాఫీ ఇచ్చారు. కొందరు గేటు దగ్గరే ఆపారు. ఒక యజమాని, "సీజన్లో వైరింగు కదిలిస్తారా మాస్టారూ? లోపల రైతుల కాయుంది. ఏదైనా తేడా వస్తే మీరొచ్చి నిలబడతారా? వేసవి పోనీండి, చూద్దాం" అని వెనక్కి పంపాడు. వెంకటేశ్వర్లు కూడా సణిగాడు.

"కొత్తది ఊరికే అరుస్తందంట మాస్టారూ. ఎలక కొరికినా అరుపే, తుప్పు పట్టినా అరుపే. నన్ను తిడతన్నారు. పాతది చెయ్యి మంచిదండీ."

"చెయ్యి మంచిదైతే గింజ మొలుస్తుందేమో వెంకటేశ్వర్లూ. తెగిన తీగ అతుక్కోదు."

వేసవి పోయేదాకా ఆగుదామన్న ఆ యజమాని కోల్డ్ స్టోరేజీలోనే గొట్టం కారింది. కంప్రెసరు ఆపరేటరు నాగరాజు చనిపోయాడు. పరికరం తీగ ఎప్పుడు తుప్పుపట్టి తెగిందో ఎవరికీ తెలియదు. పచ్చ దీపం అప్పుడు కూడా వెలుగుతూనే ఉందట.

మాస్టారు నాగరాజు ఇంటికి వెళ్లారు. నేను వద్దని చెప్పినా వినలేదు, దాంతో నేనూ వెంట వెళ్లాను. వాకిట్లో చాపమీద కూర్చున్న నాగరాజు భార్యకు ఆయన చేతులు జోడించి, "ఆ ప్రోగ్రాము రాసింది నేనమ్మా" అన్నారు. ఆమె అరవలేదు, తిట్టలేదు.

"వాసనొస్తందని ఆయనే అన్నాడంటండీ. పక్కనోళ్లు గంట మోగలేదుగా, ఏం లేదులే అన్నారంట. అందుకని లోపలికెళ్లాడు. ఆ డబ్బా లేకపోతే ఎల్లేవాడు కాదండీ. ఆయన ముక్కు మంచిదండీ."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ బయట కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి పక్కగా పోతూనే ఉంది. ఏ పరికరమూ లేకుండా ఉండి ఉంటే ఆ మనిషి బతికేవాడు.

వకీలుగా ఉన్న ఆయన మేనల్లుడు వచ్చి భాండాగారంలోని ఆ ప్రోగ్రాము పేజీ మొత్తం తీసివేయమన్నాడు. "తీసేస్తే పీడా పోద్ది మావయ్యా. తప్పు ప్రతి నీ పేరుమీద జనం చూసేటట్టు పెట్టుకుని కూర్చుంటావా?"

"పేజీ తీసేస్తే గోడమీది డబ్బాలు ఊడొస్తాయంట్రా? సరైంది ఎక్కడ దొరుకుద్ది వాళ్లకి? తప్పుదీ ఉండాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే తమ దగ్గరున్నది ఏదో తెలుస్తుంది."

ఆయన చెబుతుండగా నేను రాశాను. పాత ప్రతిలోని లోపం తనదేనని, దానిని నమ్మిన ఒక ఆపరేటరు ప్రాణం పోయిందని, తన పేరుతో ఆ పేజీ మొదట్లోనే పెట్టించారు. ఈసారి నా వాక్యాలను తిప్పి ఇవ్వలేదు. అది చదివినవారు ఊరంతా చెప్పుకున్నారు. మాస్టారి ప్రోగ్రాము మనిషిని చంపిందన్నారు. పోలీసులు పిలిచి కూర్చోబెట్టారు. చర్చిలో పెద్దల వరుసలో కూర్చునే ఆయన, ఎవరూ లెమ్మనకుండానే, వెనుక బల్లకు మారారు. బస్సులెక్కడం మాత్రం మానలేదు. గేటు దగ్గర ఎన్ని మాటలు పడ్డా లోపలికి వెళ్లి తీగ పీకి చూసి వచ్చేవారు. ఆ తిరుగుడులోనే ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నది. మంచాన పడ్డాక ఆ పేజీ పాస్‌వర్డు నాకు అప్పగించి, "ఇది నాకు గుర్తుగా ఉంచమని కాదమ్మా. పని మిగిలిపోయింది" అన్నారు.

ఆయన పోయిన నాడు సమాధుల తోటకు వచ్చినవారు కొద్దిమందే. వెంకటేశ్వర్లు వచ్చాడు. నన్ను చూసి తల వంచుకుని, "ఆ పెన్‌డ్రైవు పగలగొట్టేశా మేడంగారూ. కానీ దాంట్లోంచి ఎవరెవరు కాపీ ఎక్కించుకున్నారో నాకూ తెలవదండీ" అన్నాడు. నాకూ తెలియదు. అందుకే ప్రతి ఏడూ టిక్కీలు లోపలికి చేరే రోజుల్లో నేను బయలుదేరుతున్నాను.

ఈ ఉదయం గీత ఎట్టకేలకు నిండింది. కోడ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివాను, ఇదివరకు ఎన్నిసార్లు చదివినా సరే. పరికరంలోకి ఎక్కించాను. శ్రీను సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవు తీసి నా ముందు పెట్టాడు. దాని మీద కుంకుమ మరక ఉంది.

"ఆ కొత్తది దీంట్లో వేసిపోండి మేడంగారూ. పక్క స్టోరేజీ వాళ్లకి కూడా నేనే పెట్టేస్తా. మీకెందుకు శ్రమ?"

అతని మాటలో ఏ దురుద్దేశమూ లేదు. వెంకటేశ్వర్లు మాటలోనూ ఉండేది కాదు. ఆ పెన్‌డ్రైవును పక్కకు నెట్టి, తన ఫోను తీసుకుని కూర్చోమన్నాను. మాస్టారి పేజీ చిరునామా నేను చెప్పగా అతని చేతనే కొట్టించాను. మొదట కనిపించేది నాగరాజు గురించిన మాట. పైకి చదవమన్నాను. చదువుతూ చదువుతూ శ్రీను గొంతు తగ్గించాడు. అతనూ కంప్రెసరు ఆపరేటరే.

"పక్కవాళ్లకు పెట్టేటప్పుడు ఇక్కడికే వచ్చి దించుకో. నా దగ్గర తీసుకున్నది కూడా ఆ వేళకు పాతదై ఉండవచ్చు. గంట మోగినా మోగకపోయినా నీ ముక్కుకు వాసన తగిలితే లోపలికి పోవద్దు. ఇప్పుడు లే, నువ్వే పీకు."

అతను తీగ పీకాడు. ఆ గది దద్దరిల్లింది. శ్రీను ఉలిక్కిపడి ఆపడానికి చెయ్యి చాచాడు. యజమాని పరుగెత్తుకొచ్చి, "ఏందది? ఆపండి ముందు, పనాగిపోతంది!" అని అరుస్తున్నాడు. నేను మీటకు అడ్డంగా నిలబడ్డాను. చల్లటి గదుల్లోంచి హమాలీలు ఒక్కొక్కరే, మోస్తున్న టిక్కీలు దించేసి, తలకు చుట్టిన తువ్వాళ్లతో బయటికి వస్తున్నారు. చివరి మనిషి ఎండలోకి వచ్చేదాకా దానిని మోగనిచ్చాను.