రిస్తెన్ చెవిన పడిన మోత

మంచుబండి ఇంజన్‌లో రెండు కార్బురేటర్లూ ఒకే ఊపిరి తీయాలనేది రిస్తెన్ పట్టుదల. రెయిన్‌డీర్ మందలు కాసే ఆ ఏటి ఒడ్డు వాళ్లంతా బండి మొరాయిస్తే ఆమె కొట్టం ముందే ఆపేవాళ్లు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెట్టుకుని, రెండింటి బుసా ఒక్కటయ్యేదాకా మర తిప్పేది. ఆ తర్వాత హ్యాండిల్‌ని ఇటు చివరికీ అటు చివరికీ తిప్పి చూస్తేగానీ బండి వదిలేది కాదు.

ఆ రోజు మరిది హెయికా బండికి యాక్సిలరేటర్ తీగ కొత్తది వేసింది. బుస కుదరగానే అతను ఎక్కి కూర్చున్నాడు.

"ఉండవయ్యా, హ్యాండిల్ తిప్పి చూడనీ. తిప్పినప్పుడు తీగ బిగుసుకుందనుకో, నువ్వు చెయ్యి తీసేసినా ఇంజన్ వేగం తగ్గదు సరికదా, ఇంకా పెరుగుతుంది."

"చాల్లే వదినా, నీ చాదస్తం! ఈలోపు నా మంద సరిహద్దు దాటి నార్వేలోకి పోతుంది. ఇంజన్ ఎంత బాగా పాడుతోందో విను!"

"తిన్నగా పోయినంతసేపూ అన్నీ పాడతాయి. మీ అన్నా ఇలాగే తొందరపడ్డాడు!"

అతను నవ్వుతూ ఏటి మంచు మీదికి ఉరికించాడు. రిస్తెన్ ఒళ్లు మండి గొట్టం నేలకేసి కొట్టింది. చెవి మాత్రం అటే ఉంది.

ఏటి మలుపులో ఎంత చలికైనా నీళ్లు గడ్డకట్టవు. అందుకే అక్కడ ఎవరైనా వేగం తగ్గించి, హ్యాండిల్‌ని ఒడ్డువైపు పూర్తిగా తిప్పుతారు. మోత తగ్గాలి.

రెండు కార్బురేటర్లూ ఒకే గొంతుతో, పిసరంత తేడా లేకుండా, మోత పెంచాయి.