నెత్తళ్ల కేకతో వచ్చిన ఎండ కబురు

ముందుగా అందరూ క్షమించాలి... నా చేతిరాత పీతలు నడిచిన ఇసుకలా ఉంటుంది. మా ఊరి బడిలో అయిదు వరకే చదివాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదవండి. కాగితం మీద నేను రాసినది మా మనవరాలు ఫోనులోకి ఎక్కిస్తోంది.

మా చిన్నప్పుడు... అని ఈ గ్రూపులో అందరూ ఎండల సంగతులు రాస్తున్నారు. నాది మా పిల్లల చిన్నప్పటి మాట. తొంభైల చివర ఒక వేసవి...

మాది సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డు. వేటకెళ్లే ఇంట్లో ఏమున్నా లేకున్నా రేడియో ఉండేది. పొద్దున్నే చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ణి... గాలి ఎటు, తుఫాను ఉందా లేదా. అంతే. ఎండ సంగతి మొదలెడితే కట్టేసేవాణ్ణి. మా వైపు అందరమూ అంతే... గాలికి భయపడతాం గాని, ఎండకు భయమేమిటి?

ఆ వేసవిలో మధ్యాహ్నమైనా సముద్రం గాలి తిరగలేదు. ఒకటే పడమటి గాడ్పు... ఆరేసిన వల ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. కాకులు నూతి గట్టు మీద నోళ్లు తెరుచుకుని కూర్చునేవి. పక్క ఊళ్లో ఒక మనిషి పొలంలోనే పడి ప్రాణం వదిలాడని కబురొచ్చింది. ఆ రోజు రేడియో కట్టెయ్యలేదు. వారమంతా వడగాడ్పులేనట... వారం చివర్లో గాని చల్లబడదట... పొద్దెక్కాక బయటకు రావద్దట.

నలుగురిలో నోరు తెరవడం నా వల్ల కాదు. మా ఆవిడ నూకాలుకు చెప్పాను.

"వారమంతా ఇలగేనటే."

"మరి నాకు సెప్పి ఊరుకుంతావేటి బావా? ఊళ్లోళ్లకి సెప్పొద్దేటి?"

"నువ్వే సెప్పు."

"అవునులే... నీ నోరిప్పితే ముత్యాలు రాలిపోతాయి!"

నూకాలు బుట్ట నెత్తిన పెట్టుకుని, టెక్కలి వైపు రైతుల ఊళ్లలో చేపలు అమ్మేది. వీధి మొదట్లో "నెత్తళ్లోయ్... నెత్తళ్లు!" అని కేక వేస్తే వీధి చివర పిల్లులు కూడా లేచేవి.

ఆ రోజు వలలో చిన్న చేపయినా పడలేదు. అయినా ఎండ కబురు చెప్పడానికి ఖాళీ బుట్టతోనే బయలుదేరింది. అంబలి కుండ పట్టుకుని వెనకాల నేను...

మొదటి ఊరు చేరేసరికే ఎండ ఎక్కేసింది. ఎప్పుడూ మా దగ్గర చేపలు కొనే పోలమ్మ పెద్దమ్మ ఇంటి ముందు ఆవిడ కోడలు ఏడుస్తూ నిలబడి ఉంది. ముసలావిడ తెల్లారకుండా జీడితోటకు పిక్కలు ఏరడానికి వెళ్లి ఇంకా రాలేదట.

"పిలిస్తే పలకదు వదినా. ఇంటికి లాక్కొచ్చేత్తానని తెలుసు. కొమ్మల కింద నక్కిపోతది."

ముగ్గురం తోటకు పరుగెత్తాం. జీడికొమ్మలు నేల మీదికి వాలిపోయి ఉంటాయి... లోపల మనిషి ఉన్నా కనిపించదు. కోడలు "అత్తా" అని అరిచింది. నేను నా గొంతు లేచినంత "పెద్దమ్మా" అన్నాను. పలుకు లేదు.

నూకాలు ఖాళీ బుట్ట నెత్తికెత్తుకుంది.

"నెత్తళ్లోయ్... పచ్చి నెత్తళ్లు!"

దూరంగా ఎండుటాకులు గలగలమన్నాయి. కొమ్మల కింద నుంచి పోలమ్మ పెద్దమ్మ పాక్కుంటూ వచ్చింది. ముఖం కందిపోయింది... ఒంటి మీద చెమట చుక్క లేదు. ఒళ్లో పిక్కలు అక్కడే ఒంపేసి కొంగు చాపింది.

"ఏటే... తోట్లోకే తెచ్చేసినావా? ఓ దోసెడు ఎయ్యే..."

అంటూనే నూకాలు మీదికి ఒరిగిపోయింది.

నీడన పడుకోబెట్టి, నూతి నీళ్లతో చీర తడిపి కప్పాం. కోడలు విసురుతూనే ఉంది. బండి కట్టి టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో కళ్లు తెరిచింది.

"నెత్తళ్లేవే?"

"సముద్రంలో ఉన్నాయి పెద్దమ్మా. నువ్వు ఇంటికాడ కూకుంటే తెత్తాను."

బతికింది.

మర్నాటి నుంచి వారమంతా నూకాలు చీకటుండగానే ఖాళీ బుట్టతో ఊళ్లు తిరిగింది. డప్పు కొట్టి చాటినా గుమ్మం దిగనివాళ్లు నెత్తళ్ల కేకకు గిన్నెలు పట్టుకుని వచ్చేసేవారు.

"సేపల్లేవు. ఈ రోజూ గాడ్పే. పొద్దెక్కకుండా ఇళ్లకొచ్చేయండి. ముసలోళ్లని తోటలకంపకండి."

"సేపల్లేకుండా కేకలేటే, నీ నోరు పడిపోను!"

"నోరు పోతే పోనీ. నువ్వు ఎండలో పడిపోకు, సాలు."

ఆ తిట్టినవాళ్లే పెందలాడే ఇంటికి చేరేవారు. రేడియో వినడం, కుండ మొయ్యడం... నా పని అంతే.

వారం చివర జల్లు పడింది. సముద్రం గాలి తిరిగింది. వల నిండా నెత్తళ్లు... నూకాలు మళ్లీ అదే వీధి మొదట్లో అదే కేక వేసింది. అందరూ బయటకు వచ్చారు. ఒక్కరి చేతిలోనూ గిన్నె లేదు!

గుమ్మంలో కూర్చున్న పోలమ్మ పెద్దమ్మ అడిగింది, "ఈ రోజేటంతందే రేడియో... ఎండా, వానా?"

నూకాలు బుట్ట దించి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "గిన్నెలట్టుకు రండర్రా... ఈ రోజు నిజంగానే సేపలే!"

ఆ వారం తను తిరిగిన ఊళ్లలో ఎండకు ఒక్క ప్రాణమూ పోలేదు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు నేను. ఇప్పుడు చెప్పుకుంటున్నాను... అది మా ఆవిడ గొంతు చలవే.

ఇప్పుడు వారం వారం ఎండ కబురు ఫోనులోకే వస్తోంది, ఎర్ర రంగు పూసుకుని. టింగుమంటుంది... చూస్తాం... జేబులో పెట్టేసుకుంటాం. గిన్నె పట్టుకుని గుమ్మం దిగేవాళ్లు లేరు.

నూకాలుకు మోకాళ్లు పట్టేశాయి. అయినా ఫోను టింగుమంటే నాచేత చదివించుకుని, అరుగు మీద నుంచే వీధికి వినిపిస్తుంది. గొంతు అలాగే ఉంది.

మీ ఊళ్లో ఎండ కబురు ఎవరు తెచ్చేవారు? తొందరగా రాయండి బాబూ... ఇది రాస్తున్నానని తెలిసినప్పటి నుంచీ పొద్దుటా సాయంత్రమూ అడుగుతోంది, "ఎవులైనా రాసినారా బావా?" అని...