కంబళి అడిగిన ఉదయం

రొమ్ములో గడ్డ తగిలిన నాటికి నా వయసు అరవై ఎనిమిది. మగవాడికి కూడా ఆ జబ్బు వస్తుందని నాకు తెలియదు. ఎడమ వైపు చనుమొన కింద కందిగింజంత గట్టిగా తగిలినప్పుడు డాక్టరు దగ్గరికి పోలేదు, డైరీలో రాసుకున్నాను. ప్రతి ఆదివారం స్నానం చేశాక స్కేలు పెట్టి కొలిచాను. కందిగింజ, శనగగింజ, చొక్కా గుండీ అని మూడు నెలల రికార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. కోలార్ బంగారు గనుల టైమ్ ఆఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు హాజరు రాస్తూ పనిచేసినవాడి అలవాటు అది. ఏది వచ్చినా ముందు రిజిస్టరులో ఎక్కించాలి, తర్వాతి సంగతి పైవాళ్లు చూసుకుంటారు. గనులు మూతపడి ఏళ్లు గడిచాయి, పైవాళ్లెవరూ మిగల్లేదన్న సంగతి నాకు తట్టలేదు. ఒకనాడు నా భార్య ఆ పేజీ చూసింది.

"కొలుచుకుంటా కూర్చోడానికి నువ్వేమన్నా టైలర్‌వా?" అని మరుసటి రోజే బెంగళూరు రైలెక్కించింది.

ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి మమ్మల్నిద్దర్నీ చూసి, "రండమ్మా, మీరు లోపలికి రండి" అంది. నా భార్య, "నాకు కాదు తల్లీ, ఈయనకు" అంటే ఆ అమ్మాయి చీటీ మళ్లీ ఒకసారి చదువుకుంది.

ఆపరేషన్ అయింది. ఆ తర్వాత రోజుకొక హార్మోను మాత్ర, ఐదేళ్లపాటు. జబ్బు తిరిగి రాకుండా కాపలా కాసే మాత్ర అని డాక్టరమ్మ చెప్పింది. మా ఆండర్సన్‌పేటలో మాత్రం నేను ఎవరికీ జబ్బు పేరు చెప్పలేదు. "ఛాతీ ఆపరేషన్" అన్నాను. అందరూ గుండె అనుకున్నారు. గుండె జబ్బుకు మా పేటలో మంచి గౌరవం ఉంది, అనుకోనిచ్చాను.

మాత్ర కోసం వంటింటి గోడకు ఒక చెక్క బిగించి మేకు కొట్టాను. మా కాలంలో గనిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి టోకెన్ మా కిటికీలో ఇచ్చి దిగేవాడు. దాన్ని బోర్డుకు తగిలించేవాళ్లం. పైకి వచ్చాక తీసుకుపోయేవాడు. బోర్డు మీద టోకెన్ ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. నంబరు అరిగిపోయిన టోకెన్ ఒకటి నా సొరుగులో మిగిలి ఉండేది. ఉదయం మాత్ర మింగగానే దాన్ని మేకుకు తగిలించాలి, పడుకునే ముందు తీసేయాలి. మాత్ర లోపల ఉందో లేదో నా భార్య పొయ్యి దగ్గర నుంచే చూసుకోవచ్చు. ఇంత మంచి ఏర్పాటు ఆసుపత్రిలో కూడా లేదని డాక్టరమ్మకు చెప్పాను. ఆమె మర్యాదగా తల ఊపింది.

రెండో నెల నుంచి వేడి మొదలైంది. ఛాతీలో పుట్టి మెడ మీదుగా చెవులదాకా ఎక్కుతుంది. రెండు నిమిషాల్లో బనియను పిండుకోవచ్చు. ముప్పై ఒక్క సంవత్సరాలు నేను గని అడుగున ఉండే పాతాళపు వేడిలోకి దిగేవాళ్లను కిటికీ వెనక కూర్చుని లెక్కపెట్టాను. నేను దిగింది రెండే సార్లు, అదీ ఆఫీసర్ల వెంట. నువ్వు రాకపోతే నేనే వస్తానని ఆ వేడి ఇప్పుడు పైకి వచ్చినట్టుంది. దానికీ ఒక రిజిస్టరు తెరిచాను. వచ్చిన సమయం, ఉన్న నిమిషాలు, అంతకు ముందు చేసిన పని, అన్నిటికీ గడులు గీశాను.

"ఏమ్మే, ఒళ్లంతా నిప్పు పెట్టినట్టు ఉండాది" అన్నాను ఒకరోజు.

"తెలుసు. నాకు నలభై తొమ్మిదో ఏట వచ్చింది. నాలుగేండ్లు ఉండింది."

"నాకు చెప్పనే లేదే!"

"చెప్పినా. డైరీ రాసుకుంటా ఊఁ అన్నావు."

ఆ సంవత్సరాల డైరీలు తీసి వెతికాను. నాలుగేళ్లకూ కలిపి ఒకే ఒక్క వాక్యం దొరికింది: "ఫ్యాన్ విషయమై ఇంట్లో వాదన. ఈమెకు ఈ మధ్య కారణం లేని కోపం." ఆ పుస్తకాన్ని అలమరలో అన్నిటికంటే అడుగున పెట్టేశాను.

డిసెంబరులో ఒక ఆదివారం. కేజీఎఫ్ చలికి చర్చిలో అందరూ స్వెటర్లు, మంకీ క్యాపులతో ఉన్నారు. పాస్టరయ్యగారు దాచిన పాపాల గురించి ప్రసంగం అందుకున్నారు. సరిగ్గా అప్పుడే నాకు ఛాతీలో రాజుకుంది. స్వెటర్ విప్పాను. మఫ్లర్ తీశాను. కీర్తనల పుస్తకంతో విసురుకున్నాను. చెమట చుక్కలు ముందు బెంచీ మీద పడుతున్నాయి. పాస్టరయ్యగారు నన్ను చూసి గొంతు ఇంకొంచెం పెంచారు. పక్క వరసలో ఒక ముసలమ్మ, "దేవుడు ముట్టినాడమ్మా, చూడు ఎట్ల కరిగిపోతా ఉండాడో" అంది.

బయటికి రాగానే, ఒకప్పుడు గనిలో డ్రిల్లు పట్టిన పాత కార్మికుడొకాయన నన్ను పక్కకు లాగాడు.

"సార్, ఇంగ నిజం చెప్పు. ఆ కాలంలో నేను పనికి వచ్చిన దినం నన్ను ఆబ్సెంట్ వేసింది నువ్వే గదా?"

మరుసటి రోజు నుంచి మాత్ర మానేశాను.

మానేశానని ఎవరికీ చెప్పలేదు. మాత్రను ఖాళీ ఇంకు సీసాలో వేసి, టోకెన్ మాత్రం వేళ తప్పకుండా తగిలించాను. డైరీలో మాత్ర గడిలో టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు, చుక్క పెట్టాను. చుక్కకు అర్థమేమిటో ఎక్కడా రాయలేదు. లోపలికి దిగని స్నేహితుడి టోకెన్ కూడా తానే ఇచ్చిన ఒకడిని ఉద్యోగ కాలంలో పట్టుకుని, ఇద్దరికీ వారం రోజులు పని లేకుండా చేయించినవాడిని నేను. పెళ్లి భోజనాల దగ్గర ఆ కథను గొప్పగా చెప్పేవాడిని. ఆ నెలలో ఎక్కడా చెప్పలేదు.

నాలుగు వారాలు దాటేసరికి వేడి తగ్గుముఖం పట్టింది. జనవరిలో ఒక తెల్లవారుజామున వణుకుతూ లేచాను.

"ఏమ్మే, ఆ కంబళి యాడ ఉండాది?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"కంబళి ఎవరికి?"

"నాకే. చలిగా ఉండాది."

ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా ఫ్యాను పుణ్యమా అని ఎనిమిది నెలలుగా స్వెటర్ వేసుకుని పడుకుంటున్న మనిషి. "నీకు చలి ఎప్పట్నుంచయ్యా?" అంది. వంటింటి గోడ మీది టోకెన్ మేకు వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసింది. "తీసకరా, యాడ దాచినావో."

ఇంకు సీసా తెచ్చి ఇచ్చాను. "ముప్పై నాలుగు" అన్నాను. లెక్క సరిగా ఉండడం ఆ క్షణంలో నాకెందుకో కొంత సమర్థింపులా తోచింది.

అరుస్తుందనుకున్నాను. ఆమె మంచం అంచున కూర్చుంది.

"నేను పదేండ్ల పిల్లప్పుడు గని లోపల రాయి పేలింది. సాయంత్రం అందరూ పైకొచ్చినారు, మా నాయన టోకెన్ ఒగటి బోర్డు మీద ఉండిపాయ. అది ఉండబట్టే గదా మనిషి లోపల ఉండాడని దిగి వెతికి ప్రాణంతో ఎత్తుకొచ్చినారు. టోకెన్‌ని నమ్మి బతికినోళ్లమయ్యా మేము. నువ్వు ఉత్త టోకెన్ తగిలిస్తావా? రేపు నీకు మళ్లా గడ్డ వస్తే మాత్ర పనిచేయలేదు అనుకుంటాది డాక్టరమ్మ. మాత్రే లోపల లేదని ఆమెకు ఎట్ల తెలిసేది?"

కంబళి కప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

ఆ వారమే రైలెక్కాం. నేను తల వంచుకుని చుక్కల సంగతి చెప్పాను. డాక్టరమ్మ కోప్పడలేదు. "చాలామంది మానేస్తారు అంకుల్. వచ్చి చెప్పేవాళ్లే తక్కువ" అంది. వేడి ఎప్పుడెప్పుడు వచ్చేదని అడిగింది. నేను గర్వంగా రిజిస్టరు తీసి ముందు పెట్టాను. ఆమె నాలుగు పేజీలు తిప్పి, ఒక గడి మీద పెన్ను ఆనించింది.

"కాఫీ, కాఫీ, స్నానం, కాఫీ, కాఫీ. రోజుకు ఎన్ని తాగుతారు?"

"ఆరు."

"అంకుల్, ఇంత బాగా రాశారు. ఒక్కసారైనా చదివారా?"

నా భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ పెద్దగా నవ్వింది. ఆ నవ్వు ఫ్యాన్ వాదన నాటిదని నాకు అర్థమైంది.

కాఫీ రెండుకు తగ్గింది. మాత్ర సాయంత్రానికి మారింది. వేడికి డాక్టరమ్మ ఇంకొక చిన్న మందు రాసింది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేదు. ముప్పై నాలుగు చుక్కల పక్కన ఎర్ర సిరాతో "వేసుకోలేదు" అని రాశాను. టోకెన్ ఇప్పుడు నా చేతిలో లేదు. సాయంత్రం నేను మాత్ర మింగి నోరు తెరిచి చూపిస్తే నా భార్య తగిలిస్తుంది. నాలుక కూడా ఎత్తమంటుంది. టైమ్ ఆఫీసులో నేను కూడా ఇంత కచ్చితంగా పనిచేయలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చిలో మళ్లీ వచ్చింది, మునుపటంత కాకపోయినా స్వెటర్ విప్పేంతగా. ముసలమ్మ మెడ తిప్పింది. అవతల ఆడవాళ్ల బెంచీల నుంచి నా భార్య నన్ను చూసి, గాల్లో మేకుకు ఏదో తగిలించినట్టు వేలు కదిపింది. నేను నెమ్మదిగా చెమట తుడుచుకున్నాను.

బయట పాత కార్మికుడు కాచుకుని ఉన్నాడు.

"ఇంగా తీరలేదా సార్, పాపం?"

"ఇంగ నాలుగేండ్లు ఉండాదప్పా. డాక్టరమ్మ పొడిగించినా పొడిగిస్తాది. రొమ్ము క్యాన్సర్‌కు మాత్ర మింగుతా ఉండాను. ఈ చెమట దాందే."

అతను నా ముఖంలోకి చూశాడు. "మగోళ్లకు కూడానా?"

"నాకు వచ్చింది గదా."

అతని చెయ్యి తనంతట తానే చొక్కా జేబు కిందికి పోయింది. వేళ్లు ఒకచోట ఆగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి.

"కొలుచుకుంటా కూర్చోవద్దు" అన్నాను. "రేపే రైలెక్కు. నేను కూడా వస్తాను."