మీటర్ల లెక్కన నేసిన దుప్పటి

గుడివాడ స్టేషన్లో బందరు రైలు కోసం కూర్చుని, మర్నాడు కాలేజీలో చెప్పాల్సిన పాఠం చూసుకుంటున్నాను. పక్కనున్న పెద్దావిడ పలకరించింది.

"అంత దీక్షగా ఏం చదువుతున్నారండీ?"

"సోషలిజంలో మార్కెట్ ధరలు లేకపోతే, ఎవరికి ఏం కావాలో ప్రభుత్వం లెక్క కట్టగలదా అని ఓ పాత వాదనండీ."

ఆవిడ నవ్వలేదు. "మాది పెడన. నేనూ మా ఆయనా మగ్గం నేసేవాళ్ళం. ఇన్ని మీటర్ల దుప్పట్లు కావాలని మా చేనేత సొసైటీకి సర్కారు నుంచి ఆర్డరొచ్చేది. సరుకు చూడ్డానికొచ్చిన ఆఫీసర్లు పొడవొక్కటే కొలిచేవారు. అందుకని అడ్డపోగులు ఎడంగా వేసి గబగబా నేసేసేవాళ్ళం. కప్పుకునేదెవరో మాకేం తెలుసు?"

పైట సర్దుకుని మళ్ళీ అంది.

"మా ఆయన పోయినరోజు ఇంట్లో ఉన్న కొత్త దుప్పటి అలా నేసిందొక్కటే. మొహం మీదుగా కప్పినా ఆయన కనబడుతూనే ఉన్నాడండీ."

నా చొక్కా అంచు పట్టుకుని, వేళ్ళతో నలిపి, వెలుతురుకి ఎత్తి చూసి వదిలేసింది. రైలొచ్చింది. జనంలో ఆవిడ మళ్ళీ కనబడలేదు.

పాఠం ఏటా చెబుతూనే ఉన్నాను, ఆవిడ మాట మాత్రం క్లాసులో ఎత్తలేదు. ఇంట్లో నేనొక్కణ్ణే. కొత్త దుప్పటి కొన్నప్పుడల్లా మంచం మీద పడుకుని, మొహం మీదికి లాక్కుని, లైటు ఎంత కనబడుతుందో చూసుకుంటాను.